తార్నాక మోరీ పురాణం

మా అక్క కూతురు యూనివర్శిటీలో ఎం.ఏ. చదువుతోంది. కాంపస్‌కి నడిచి వెళ్లేటంత దూరంలో ఉందని తార్నాకలో ఒక సందులో ఆడపిల్లల హాస్టల్లో చేరింది. ఆ హాస్టలు పేరు చెప్పను. అలాంటివి ఆ సందులోనే నాలుగున్నాయి, ఏదైనా ఒకటే అనుకోండి.

పోయిన వర్షాకాలంలో ఒక ఆదివారం పొద్దున్నే ఫోను చేసింది.

"పిన్నీ, రెండు బకెట్ల బట్టలు పట్టుకుని మీ ఇంటికొస్తున్నా. స్నానం కూడా అక్కడే."

"ఏమే, నీళ్లు రావడం లేదా?"

"నీళ్లు బాగానే వస్తున్నాయి పిన్నీ. పోవడమే మానేశాయి."

నవ్వొచ్చింది గాని, దానికి నవ్వే ఓపిక లేదని గొంతులోనే తెలిసింది. బట్టలు మోసుకుని అదెందుకు రావడం, నేనే వెళ్లి తెచ్చుకుంటే పోలేదా అని ఆటో ఎక్కాను. వెళ్లాను కాబట్టే ఈ వ్యాసం. లేకపోతే నవలలు రాసుకునేదానికి మురుగు కాలవల చరిత్ర ఎందుకు చెప్పండి!

నాలుగంతస్తుల మేడ అది. అంతస్తుకి ఎనిమిది గదులు. వరండా చివర అందరికీ కలిపి రెండు పాయిఖానాలు, రెండు స్నానాల గదులు. పైనుంచి కిందికి అన్నిటికీ ఒకటే గొట్టం. పై అంతస్తుల వాళ్లు వాడుకున్న నీళ్లన్నీ కింది అంతస్తు గచ్చు మీద పైకి తన్నుకొచ్చి నిలబడ్డాయి. వాసన సంగతి నేను వర్ణించను. కింది గదుల పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు.

బయట సందులో మ్యాన్‌హోల్ మూత తీసి ఇద్దరు మనుషులు వెదురు బద్దలు లోపలికి తోస్తున్నారు. ఒకాయనకి అరవై దాటి ఉంటాయి. రెండోవాడు కుర్రాడు. ఎంతకీ కదలక, చివరికి బద్దకి కొక్కెం కట్టి లాగారు. అప్పుడు వచ్చింది బయటికి, రెండు బారల పొడుగున, బూడిదరంగులో, వెంట్రుకలూ నూనె జిడ్డూ చుట్టుకుని, అచ్చం తడిసిన సవరంలాగా!

"ఏందమ్మా ఇది?" అన్నాడు పెద్దాయన నాకేసి చూసి. "గుడ్డ గాదు, కాయిదం గాదు. చింపుదామంటె చినగది."

నాకు తెలియలేదు గాని, మెట్ల మీది పిల్లలకి తెలుసు. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. వైప్స్! మొహం తుడుచుకునే, చేతులు తుడుచుకునే, ఇంకా నానా రకాల తుడుచుకునే తడి కాగితాలు. ప్యాకెట్టు ఇరవైకో ముప్ఫైకో వస్తుంది. వాడి పాయిఖానాలో పడేసి నీళ్లు వదిలితే కంటికి కనిపించదు.

ఇంకా లోపల చిక్కు మిగిలే ఉంది. హాస్టలు యజమానురాలు పైనుంచి, "దిగి తీసెయ్యండి, ఇంకో ఐదొందలిస్తాను" అంది. కుర్రాడు చొక్కా విప్పి ఒక కాలు లోపల పెట్టాడు కూడా. పెద్దాయన వాడి భుజం పట్టుకుని వెనక్కి గుంజాడు. "ఎక్కు బిడ్డా. అయిదు నూర్లకు దిగుతవా?" అని గట్టిగా కసిరాడు. తరవాత మా వైపు తిరిగి, ఏమీ జరగనట్టే, "యంత్రం పిలిపియ్యిండ్రి అమ్మా" అన్నాడు.

ఆ కాలు లోపలికీ బయటికీ కదిలిన రెండు క్షణాలూ నన్ను ఇంటికొచ్చినా వదల్లేదు. బి.ఏ.లో చరిత్ర చదివాను. బహమనీలూ కుతుబ్‌షాహీలూ నోటికొచ్చు. చార్మినారు ఎవరు కట్టించారో చెప్పగలను గాని, నేను రోజూ వాడుకునే మోరీ ఎవరు వేయించారో ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు. అంచేత ఈసారి నాకు నేనే ప్రశ్నపత్రం ఇచ్చుకున్నాను.

కథ మొదలయ్యేది 1908 సెప్టెంబరు 28న. ఆనాటి మూసీ వరద గురించి మన ఇళ్లల్లో ముసలివాళ్లు చెప్పుకునేవారు. పదిహేను వేలమంది పోయారంటారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టెక్కి నూటయాభైమంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఉంది. ఆ మరుసటి సంవత్సరం, 1909లో, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. వరదలు మళ్లీ రాకుండా జలాశయాలు కట్టమని ఆయన సలహా చెప్పడం, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రావడం మనకందరికీ తెలిసిన పాఠమే. కాని ఆయనకి అప్పగించిన పనులు మూడు. నగరాన్ని తిరిగి నిర్మించడంలో సలహా ఇవ్వడం ఒకటి, వరదల నుంచి కాపాడటం రెండు. మూడోది హైదరాబాదుకీ, చాదర్‌ఘాట్‌కీ పూర్తి మురుగునీటి పథకం తయారు చెయ్యడం. ఈ మూడోదాన్ని పాఠ్యపుస్తకాలు మింగేశాయి. చెరువు పక్కన నిలబడి ఫొటో దిగుతారు గాని, మోరీ పక్కన నిలబడి ఎవరు దిగుతారు?

అంతకు ముందు ఎలా ఉండేదో కొంచెం ఊహించుకోండి. ఇంటి వెనక సండాసు. దానికి వీధివైపు ఒక చిన్న తలుపు. తెల్లారకముందే ఒక మనిషి, చాలాసార్లు ఒక ఆడమనిషి, ఆ తలుపు తెరిచి, గంపలోకో తట్టలోకో ఎత్తుకుని, నెత్తిన పెట్టుకుని పోయేది. ఆవిడ వచ్చే దారి వేరు, మాట్లాడే గొంతు వేరు. ఇంటివాళ్ల కంట పడకూడదు. మా అమ్మమ్మ చెప్పేది, పండక్కి పెట్టే పాత చీర కూడా ఆవిడకి దూరంనుంచే విసిరేవారని. చెప్పేటప్పుడు అమ్మమ్మ గొంతులో అదేమీ తప్పన్నట్టు ఉండేది కాదు. ఆ రోజుల్లో నాకూ అనిపించలేదు.

1911లో నగరంలో ప్లేగు ప్రబలింది. మరుసటి ఏడే నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఇరుకు బస్తీలు తీసి రోడ్లు వెడల్పు చేశారు. భూమి లోపలి మురుగు గొట్టాల వ్యవస్థ 1931 నాటికి వచ్చింది. నాలుగు లక్షల అరవై ఎనిమిది వేలమంది జనానికి, 54 చదరపు కిలోమీటర్ల ఊరికి సరిపోయేట్టు వేశారు దాన్ని. అవును, మీరు సరిగానే చదివారు, నాలుగున్నర లక్షల చిల్లర! కోటి దాటిన ఇప్పటి నగరంలో ఆ పాత గొట్టాలు కొన్నిచోట్ల ఇంకా పని చేస్తూనే ఉన్నాయంటే వేసినవాళ్లకి చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే.

ఇక మన కాంపస్ సంగతి. ఉస్మానియా యూనివర్శిటీ 1918లో పుట్టింది గాని, అప్పుడు దానికి సొంత ఇల్లు లేదు. గన్‌ఫౌండ్రీ వైపు అద్దె ఇళ్లల్లో పాఠాలు. ఊరవతల అడిక్‌మెట్ గుట్టలమీద స్థలం చూశాక, జైన్‌యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దర్ని దేశదేశాల యూనివర్శిటీలు చూసి రమ్మని పంపించారు. జాస్పర్ అనే బెల్జియం వాస్తుశిల్పి నక్షాలు గీశాడు. ఆర్ట్స్ కాలేజీకి 1934 జూలై 5న పునాదిరాయి పడింది, 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. అంటే లెక్క చూస్తే వయసులో మోరీ అక్కగారు, ఆర్ట్స్ కాలేజీ చెల్లెలు. చెల్లెలికేమో సినిమాల వాళ్లు, పెళ్లి ఫొటోలవాళ్లు. అక్కగారి మొహం చూసేవాళ్లే లేరు.

ఆ అడిక్‌మెట్ నేల అంతకు ముందు మహలఖాబాయి చందా జాగీరు అంటారు. పద్దెనిమిదో శతాబ్దం చివర ఉర్దూలో కవిత్వం చెప్పిన హైదరాబాదు విదుషి ఆవిడ. ఆవిడ పేరు చెప్పుకునే మెట్ల బావి కాంపస్‌లో ఉంది. ఏళ్లతరబడి చెత్తతో పూడిపోయి ఉన్నదాన్ని ఈమధ్య పూడిక తీసి బాగుచేశారు. నేను వెళ్లి చూశాను. మెట్లు దిగుతుంటే అనిపించింది, మనకి ఎదురుగా ఒక గుంట కనిపిస్తే చాలు, దాన్లో ఏదో ఒకటి పడేద్దామనిపిస్తుంది కాబోలు!

తార్నాక పేరు కూడా అక్కడికి దగ్గర కథే. ఒకప్పుడు ఇక్కడ తోటలకి తీగ కంచె ఉండేదట, దాని దగ్గర ఒక నాకా. ఉర్దూలో తార్ అంటే తీగ. తార్ నాకా, తార్నాక అయింది. ఇప్పుడు తోటలూ లేవు, కంచెలూ లేవు. కాంపస్‌కి చదువుకొచ్చే పిల్లలూ, ఉద్యోగాల పరీక్షలకి చదివే పిల్లలూ, ల్యాబుల్లో పనిచేసే పిల్లలూ, వాళ్లకోసం సందుకి నాలుగు హాస్టళ్లూ ఉన్నాయి. ఒక కుటుంబం కోసం కట్టిన ఇంటికి పైన మూడంతస్తులు లేపి, అరవై మందిని పెట్టి, కింద ఉన్న నాలుగంగుళాల గొట్టాన్ని మాత్రం అలాగే ఉంచితే ఆ గొట్టం ఏం చేస్తుంది పాపం?

గొట్టం సంగతి చెప్పాలంటే దాని స్వభావం చెప్పాలి. మన నల్లానీళ్లకి వెనకనుంచి ఒత్తిడి ఉంటుంది, మురుక్కి ఉండదు. వాలు ఒక్కటే దాని బలం. వాలు మరీ తక్కువైతే నీళ్లు నిలిచిపోతాయి. నీరు సెకనుకి 2 అడుగులకి తగ్గకుండా పరిగెత్తితే, ఒండ్రు అడుగున పేరుకోకుండా తనని తానే కడుక్కుంటుంది. ఆ లెక్కతోనే ఎక్కడికక్కడ వాలు పెట్టి వేస్తారు. దాన్లో పోవలసినవి ముచ్చటగా మూడే: మన శరీరంలోంచి వచ్చేవి రెండు, నీళ్లు ఒకటి. పైగా మనది చెంబు సంప్రదాయం. తెల్లవాళ్ల మోరీ కాగితాన్ని కూడా మోయాలి, మనదానికి ఆ బాధ కూడా లేదు. ఇంత సుఖంగా బతకాల్సిన మోరీ ఇంకోటి ఉండదు.

మరి ఈ తడి కాగితం ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? 1950ల చివర అమెరికాలో, న్యూయార్కులో, సౌందర్య సాధనాల పరిశ్రమలో పనిచేసిన ఆర్థర్ జూలియస్ అనే ఆయన కనిపెట్టాడు. 1963 నుంచి ఒక పెద్ద కోడివేపుళ్ల కంపెనీ తన హోటళ్లలో చేతులు తుడుచుకోవడానికి ఇవ్వడంతో ఊరూరా పాకింది. తరవాత పసిపిల్లల ముడ్డి తుడవడానికి, తరవాత పెద్దవాళ్ల మేకప్ తుడవడానికి. మనదాకా వచ్చేసరికి కొంచెం ఆలస్యమైంది గాని, 2020లో కరోనా వచ్చినప్పుడు ప్రతి హ్యాండ్‌బ్యాగులోకీ దూరింది. నా బ్యాగులోకి కూడా.

కాగితం కాగితమే కదా, కరిగిపోదా అని మీరడగచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. రెండు ఖాళీ హార్లిక్స్ సీసాలు తీసుకుని సగం సగం నీళ్లు పోశాను. ఒకదాంట్లో పాయిఖానా కాగితం ముక్క, రెండోదాంట్లో వైప్ వేసి మూతలు బిగించి బాగా కుదిపాను. మొదటిది పది నిమిషాల్లో పిండి కలిపిన నీళ్లలా అయింది. రెండోది నాలుగు రోజుల తరవాత తీసి, పిండి, ఆరేశాను. నిక్షేపంలా ఉంది, మళ్లీ అద్దం తుడుచుకోవచ్చు! మావారు చూసి, "ఇంతకీ మనం తినే హార్లిక్స్ ఏ సీసాలో ఉంది?" అని మాత్రం అడిగారు.

కారణం చిన్నదే. ఆ కాగితంలో కొయ్యగుజ్జు తాలూకు పొట్టి పోగులు ఉంటాయి, నీళ్లు తగిలితే విడిపోతాయి. చాలా వైప్స్‌లో ఉండేది పాలియెస్టర్ పోగు. మన చీరల్లో ఉండే పాలియెస్టరే! దానికి కొంత విస్కోసు కలిపి, నీటిధారలని విపరీతమైన ఒత్తిడితో కొట్టి ఆ పోగులని ఒకదానికొకటి చిక్కు వేస్తారు. నీళ్లతో వేసిన చిక్కు నీళ్లలో ఎలా విడుతుంది? లోపలికి వెళ్లిన మొదటి వైప్ గొట్టం అతుకు దగ్గరో, చెట్టు వేరు చొరబడిన చోటో పట్టుకుంటుంది. దానికి తల వెంట్రుకలు చుట్టుకుంటాయి. వంటింట్లోంచి వచ్చిన నూనె గడ్డ కట్టి అంటుకుంటుంది. తరవాత వచ్చినదల్లా దాన్లోనే. లండన్లో 1858 ఎండాకాలం థేమ్స్ కంపు భరించలేక పార్లమెంటువాళ్లే కదిలి, బజల్గెట్ అనే ఇంజనీరు చేత మహా మోరీలు కట్టించుకున్నారు. అలాంటి విక్టోరియా కాలపు మోరీలో 2017లో వైట్‌చాపెల్ అనేచోట 250 మీటర్ల పొడుగు, 130 టన్నుల బరువున్న కొవ్వూ వైప్సూ కలిసిన కొండచిలువని కనుక్కున్నారు. దాని ముక్క కోసి మరుసటి ఏడు మ్యూజియంలో కూడా పెట్టారు. మ్యూజియంలో పెట్టే అలవాటు మనకింకా రాలేదు, సంతోషం.

ప్యాకెట్టు మీద "ఫ్లష్ చెయ్యవచ్చు" అని ఉందాంటీ అంది ఒక పిల్ల ఆవేళ. నిజమే కొన్నిటి మీద ఉంటుంది. ఫ్లష్ చెయ్యడానికేం, బంగారు గాజు కూడా ఫ్లష్ చెయ్యవచ్చు, పోతుంది. ఎక్కడిదాకా పోతుందన్నది కదా అసలు సంగతి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పిల్లల్ని ఏమైనా అనే హక్కు నాకు లేదు.

2021లో మా అత్తగారు మంచాన పడ్డారు. ఎనిమిది నెలలు. ఆవిడకి ఒళ్లు తుడవడానికీ, శుభ్రం చెయ్యడానికీ డాక్టరుగారే వైప్స్ వాడమన్నారు. రోజుకి పది, పన్నెండు. చెత్తబుట్టలో వేస్తే వాసన. పొద్దున్న చెత్తబండి అబ్బాయికి ఆ సంచి ఇవ్వడానికి నాకు మొహం చెల్లేది కాదు. పాయిఖానాలో వేసి నీళ్లు కొట్టేసేదాన్ని. ఒక్క గుటకలో మాయం. అదొక వరంలా అనిపించేది ఆ రోజుల్లో.

మాది మూడో అంతస్తు. కింది అంతస్తులో ఒక రిటైరైన టీచరుగారు, ఒక్కరే ఉంటారు. ఆ దీపావళి ముందు ఆవిడ ఇంట్లో, దేవుడి గది గుమ్మం దాకా మురుగు వచ్చేసింది. డెబ్బై ఏళ్ల మనిషి, చీపురు పట్టుకుని రెండు రోజులు తోశారు. అపార్టుమెంటువాళ్లం మీటింగు పెట్టుకున్నాం. "ఎవరో చిన్నపిల్లలున్న వాళ్లు చేసిన పని" అని తేల్చారు. రెండో అంతస్తులో పసిబిడ్డ తల్లి తల వంచుకుంది. నేను కాఫీ కప్పులు అందిస్తూ నోరు మెదపలేదు. ఆ అమ్మాయి తరవాత ఆరు నెలలకి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఈ మాట రాసేముందు కిందికి వెళ్లి టీచరుగారికి చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "ఆ అమ్మాయి ఫోను నెంబరు నీ దగ్గరుందా?" అన్నారు. నా దగ్గర లేదు.

మోరీ అంటే మనం కళ్లు మూసుకుని వదిలేసేది గదా. అవతల ఎవరో కళ్లు తెరిచి దాన్ని ముట్టుకుంటారు. 1931లో గొట్టాలు వచ్చాక గంప నెత్తిన పెట్టుకుని మోసే మనిషి బాధ తీరిందనుకున్నారు. చాలాచోట్ల ఆ మనిషే, ఆయన కొడుకే, గొట్టం అడ్డుపడినప్పుడు లోపలికి దిగేవాడయ్యాడు. లోపల ఉండేది ఉత్త మురుగైతే కడుక్కోవచ్చు. కాని నిలిచిన మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గాలి పుడుతుంది. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన. ఎక్కువైతే ముక్కుకి వాసన తెలియడమే పోతుంది. వాసన లేదు కదా అని దిగినవాడు రెండు శ్వాసలకి పడిపోతాడు. వాణ్ణి తీద్దామని రెండోవాడు దిగుతాడు. మన నగరంలోనే మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో 2016 ఆగస్టులో ఒకే మ్యాన్‌హోల్‌లో నలుగురు పోయారు. 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో, రాత్రిపూట దింపితే ఇద్దరు పోయారు.

ఇది చట్టం లేక కాదు. 1993లో ఒకటి, 2013లో దానికంటే గట్టిది మరొకటి వచ్చాయి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మోరీలోకి దింపడం నేరం. దింపమన్న ఇంటి యజమాని మీద కూడా కేసు పెట్టవచ్చు. ఈ చట్టాల వెనక ఉన్న మనిషి మన తెలుగువాడేనని ఎంతమందికి తెలుసో! బెజవాడ విల్సన్ 1966లో కోలారు బంగారు గనుల ఊళ్లో తెలుగు కుటుంబంలో పుట్టాడు. గనుల కోసం మన జిల్లాలనుంచి వలస వెళ్లిన కుటుంబాలు అక్కడ బోలెడు. నేలలోంచి బంగారం తీసిన ఆ ఊళ్లో సండాసులు ఎత్తే పని ఆయన తల్లిదండ్రులది. ఆయన చదువుకుని, ఆ సండాసుల ఫొటోలు తీసి పత్రికలకి పంపి, ప్రభుత్వాన్ని నిలదీశాడు. 1990ల నడుమ ఎస్.ఆర్. శంకరన్‌గారితో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపాడు. శంకరన్‌గారు మన రాష్ట్రంలో ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసి, పెళ్లి కూడా చేసుకోకుండా పేదల కోసమే బతికిన మహానుభావుడు. ఆ సంస్థ 2003లో సుప్రీంకోర్టుకి వెళితే, 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 తరవాత మోరీల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలన్నారు. 2023 అక్టోబరులో కోర్టు దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. విల్సన్‌కి 2016లో మెగసెసే బహుమతి ఇచ్చారు. డబ్బు లెక్క చదువుతుంటే నాకు హాస్టలు ముందు వినిపించిన ఐదొందల మాటే గుర్తొచ్చింది.

మంచి మాట కూడా చెప్పుకోవాలి. 2017లో మన జలమండలి ఇరుకు సందుల్లోకి పోగలిగే 70 చిన్న యంత్రాలు తెప్పించింది. నీటిధారతో కొట్టి అడ్డు తొలగిస్తాయి. ఆరోజు పెద్దాయన పిలిపించమన్నది ఆ రకందే. 155313 నంబరుకి ఫోను చేసి చెప్పచ్చు. సాయంత్రానికి వచ్చింది, ఇరవై నిమిషాల్లో నీళ్లు బుడబుడమంటూ దిగిపోయాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

కాని యంత్రం వచ్చి వెళ్లాక మళ్లీ నెలకి అదే కథ కాకుండా ఉండాలంటే? యజమానురాలు గోడమీద "వైప్స్ వేస్తే వెయ్యి రూపాయలు జరిమానా" అని కాగితం అంటిస్తానంది. ఎవరు వేశారో ఎలా పట్టుకుంటుంది, గొట్టం ఏమన్నా పేర్లు చెబుతుందా? మా పిల్ల అప్పుడొక మాట అంది. "పిన్నీ, పాయిఖానా లోపల చెత్తబుట్టే లేదు. ఉన్నది కింద గేటు దగ్గర. నెలసరిలో ఉన్న పిల్ల చేతిలో పొట్లం పట్టుకుని, నాలుగంతస్తులు దిగి, వాచ్‌మన్ ముందునుంచి వెళ్లి పడెయ్యాలి. ఎవరు వెళతారు?"

నాకు నోట మాట రాలేదు. మా అమ్మ తరంలో పాతచీర ముక్కలు, ఎవరికంటా పడకుండా ఆరేసుకోవడం. నా తరంలో నాప్‌కిన్లు, మందులషాపువాడు దొంగసొత్తులా నల్ల కవర్లో చుట్టి ఇవ్వడం. ఇప్పటి పిల్లలు అన్నీ ధైర్యంగా మాట్లాడతారు గాని, గేటు దగ్గర వాచ్‌మన్ మాత్రం అలాగే కూర్చుని ఉన్నాడు. మూడు తరాలనుంచీ ఆ సిగ్గుని మనం పాయిఖానాలో వేసి నీళ్లు కొడుతూనే ఉన్నాం. నాప్‌కిన్లనీ డయపర్లనీ చుట్టి విడిగా చెత్తలో వెయ్యాలనీ, చుట్టడానికి కవరు కంపెనీయే ఇవ్వాలనీ 2016 చెత్త నిబంధనల్లోనే రాశారు. చుట్టి ఎక్కడ వెయ్యాలన్నది మాత్రం ఇంటివాళ్ల బాధ్యత.

సరే, నేనూ మా పిల్లా యజమానురాలితో కూర్చున్నాం. కాలితో తొక్కితే మూత లేచే ప్లాస్టిక్ బుట్ట, ప్రతి పాయిఖానాలోనూ ఒకటి. పక్కన గోడకి మేకు కొట్టి పాత న్యూస్‌పేపరు ముక్కలు. మొదట ఆవిడ ఒప్పుకోలేదు. "లోపల చెత్తబుట్టలేమిటండీ, దరిద్రం" అంది. మురుగు మీ ఆఫీసు గదిలోకి వచ్చిందే, అది ఏమిటి మరి అన్నాను. ఎనిమిది బుట్టల ఖరీదు, యంత్రం వచ్చినరోజు ఆవిడ పోగొట్టుకున్న దానికంటే తక్కువని మా పిల్ల లెక్క వేసి చూపించింది. ఎకనామిక్స్ చదువు ఊరికే పోలేదు. రోజూ ఎవరు ఖాళీ చేస్తారన్నది పెద్ద గొడవైంది. ఊడ్చే ఆవిడ నేను ముట్టనంది, అనడం న్యాయమే కూడా. ఆవిడకి చేతి తొడుగులు, నెలకి మూడు వందలు ఎక్కువ అని తెగింది. స్నానాల గదుల నీళ్లు పోయే చోట వెంట్రుకలు ఆగేట్టు జల్లెడ బిళ్లలు వేయించాం. బయటి మ్యాన్‌హోల్ కంటే ముందు, ఇంటి ఆవరణలోనే ఉన్న చాంబరుకి ఒక ఇనుప జాలీ పెట్టించాం. ఏదైనా అడ్డుపడితే అక్కడే ఆగుతుంది, మూత తీసి పైనుంచే పటకారుతో తీసెయ్యచ్చు. దీనికి పెద్దాయన్నే పిలిచాం. ఆయన జాలీ బిగిస్తూ, "వారానికోసారి చూడున్రి, మర్చిపోతె ఇదే అడ్డమైతది" అని చెప్పి మరీ వెళ్లాడు.

బోర్డు మీద ఏం రాయాలన్న దాని గురించి పిల్లలు ఒక సాయంత్రమంతా కొట్టుకున్నారు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింట్లోనూ కావాలన్నారు. నన్ను రాయమంటే నవలాకారిణి దర్పంతో అర పేజీ రాసిచ్చాను. దాన్ని పక్కన పెట్టి నల్గొండ పిల్ల ఒకతె రాసింది: "నీళ్లు తప్ప ఏది ఏసినా ఎవరో ఒకరు చేత్తో తీయాలె." అదే అంటించారు.

మూడో వారానికి రెండో అంతస్తు బుట్ట ఒకటి మాయమైంది. హాస్టలంతా వెతికితే ఒక గదిలో మంచం కింద దొరికింది, కొత్తది, మూత గట్టిగా పడుతోంది కదా అని ఇంటినుంచి తెచ్చుకున్న సకినాలు దాన్లో దాచుకుంది ఒక మహాతల్లి. కడిగానాంటీ, బాగా కడిగాను అంటుంది. ఆ సకినాలు నాకూ పెట్టింది. తిన్నానా లేదా అన్నది మాత్రం చెప్పను.